వర్చువల్ ఊరి తాళాలు ఎవరి దగ్గర?

గూగుల్ 2008 జులైలో ‘లైవ్లీ’ అనే త్రీడీ చాట్ లోకాన్ని తెరిచి, అదే ఏడాది డిసెంబరు 31న మూసేసింది. పిల్లల లోకం క్లబ్ పెంగ్విన్ 2005లో మొదలై 2017 మార్చి 30తో ముగిసింది. మైక్రోసాఫ్ట్ చేతిలోని ఆల్ట్‌స్పేస్ వీఆర్ 2023 మార్చి 10న, మొజిల్లా నడిపిన హబ్స్ సేవ 2024 మే 31న ఆగిపోయాయి. ఫేస్‌బుక్ కంపెనీ తన పేరునే మెటాగా మార్చుకున్న 2021 అక్టోబరు నుంచి మెటావర్స్ (జనం బొమ్మల రూపంలో కలిసి తిరిగే ఇంటర్నెట్ లోకం) భవిష్యత్తు మీద వచ్చిన రాతల్లో కళ్లకు తగిలించుకునే హెడ్‌సెట్ బరువెంత, బొమ్మ ఎంత నిజంలా కనిపిస్తుంది అన్న చర్చే ఎక్కువ. మూతపడ్డ లోకాల జాబితా చూస్తే తేలేది వేరు. బొమ్మ బాగాలేక పోయిన సమాజాలు తక్కువ. లోకాన్ని నడిపే కంప్యూటర్, అంటే సర్వర్, ఆగిన రోజున మూటాముల్లె సర్దుకుని ఇంకోచోటికి పోలేక చెదిరిపోయినవే ఎక్కువ.

సర్దుకోగలిగినవి బతికాయి. ‘సిటీ ఆఫ్ హీరోస్’ ఆటను ఎన్‌సీసాఫ్ట్ 2012 నవంబరు 30న మూసింది. దాని సర్వర్ కోడ్ కొందరు అభిమానుల దగ్గర గుట్టుగా ఉండిపోయింది. 2019లో ఆ సంగతి బయటపడ్డాక ‘హోమ్‌కమింగ్’ పేరుతో సర్వర్లు బాహాటంగానే లేచాయి. 2024 జనవరిలో కంపెనీయే వాళ్లకు లైసెన్సు ఇచ్చింది. హబ్స్‌ది మొదటినుంచీ ఎవరైనా తీసుకుని వాడుకోగల ఓపెన్ సోర్స్ కోడ్ కాబట్టి మొజిల్లా తప్పుకున్నా ఒక ఫౌండేషన్ దాన్ని కొనసాగిస్తోంది. ‘ద క్రూ’ అనే కార్ల ఆట సర్వర్లు 2024 మార్చి 31న ఆగినప్పుడు యూరప్‌లో పుట్టిన ఉద్యమం అడిగిందీ ఇదే: మీరు మూసుకోండి, కొనుక్కున్నవాళ్లు నడుపుకునే దారి మాత్రం ఉంచండి. ఆ అర్జీ మీద 2025 జులై నాటికి 10 లక్షల సంతకాలు దాటాయి. కాలిఫోర్నియా 2024 సెప్టెంబరులో చేసిన చట్టం ప్రకారం, అమ్మేది వస్తువు కాదు, లైసెన్సు మాత్రమే అని కొనేవాడికి ముందే చెప్పాలి. మన దగ్గర ఇంకా ఇలాంటిది లేదు.

తేడా ఎక్కడుందో చూడాలంటే సెకండ్ లైఫ్‌ని, ఓపెన్‌సిమ్యులేటర్‌ని పక్కపక్కన పెట్టాలి. సెకండ్ లైఫ్ 2003 జూన్‌లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఒక రీజియన్ అంటే 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు నేల. దాని మీద పదేళ్లు కూర్చుని గుడి, చెరువు, కొబ్బరితోట కట్టినా, మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకునే వీల్లేదు. మీరే తయారుచేసిన వస్తువుల్ని విడివిడిగా తెచ్చుకోవచ్చు, అంతే. సర్వర్ కంపెనీదే. ఓపెన్‌సిమ్యులేటర్ 2007లో అదే పద్ధతిలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. కొలత కూడా అదే 256 మీటర్లు. ఆదేశాలు రాసే దాని కన్సోల్‌లో ‘సేవ్ ఓఏఆర్’ అని ఒక్క ఆదేశం కొడితే నేల, కట్టడాలు, టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు), స్క్రిప్టులు అన్నీ ఒకే ఫైలులోకి వస్తాయి. వేరే కంప్యూటర్‌లో ‘లోడ్ ఓఏఆర్’ కొడితే ఊరు మళ్లీ లేస్తుంది. చూడ్డానికి సెకండ్ లైఫే బాగుంటుంది, జనం కూడా అక్కడే ఎక్కువ. అయినా ఇరవై ఏళ్ల తర్వాత ఏది మిగులుతుందంటే ఫైలు చేతికిచ్చేదాని మీదే పందెం కాయాలి.

గోదావరి డెల్టాకి ఇందులో పనేమిటి

కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్లినవాళ్లు, భీమవరం, తణుకు వైపు నుంచి అమెరికా వెళ్లినవాళ్లు సంక్రాంతికి రాలేకపోతే వాళ్లకిప్పుడు దిక్కు వాట్సాప్ వీడియో కాల్. అవతల ఫోన్ పట్టుకున్నవాడు ఎటు తిప్పితే అటే కనిపిస్తుంది. పదిమంది ఒకేచోట చేరి, ఎవరి దారిన వాళ్లు తిరుగుతూ, ఎదురుపడ్డవాళ్లతో మాట్లాడే వీలు అందులో లేదు. వర్చువల్ లోకం చేయగలిగిన పని అదొక్కటే, అది చాలు కూడా. దీనికి హెడ్‌సెట్ అక్కర్లేదు. రాగలిగిన జనంలో ఎక్కువమంది చేతిలో ఉండేది 4 జీబీ ర్యామ్ ఆండ్రాయిడ్ ఫోనే కాబట్టి, దాని మీద నడవని లోకం ఎంత అందంగా ఉన్నా డెల్టాకి పనికిరాదు.

కనుమనాడు కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థాన్నే తీసుకోండి. ఏకాదశ రుద్రుల (శివుడి పదకొండు రూపాల) ప్రభలు, అంటే వెదురు చట్రంతో కట్టి మోసే అలంకార కట్టడాలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి తోటకి చేరతాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని కౌశిక ఏటి నీళ్లలోంచి భుజాల మీద దాటించే ఘట్టం కోసమే జనం ఎగబడతారు. 2023 రిపబ్లిక్ డే కవాతులో రాష్ట్ర శకటం కూడా ప్రభల తీర్థమే. దీన్ని ఒక ఉచిత లోకంలో కట్టాలంటే ఏమేం కావాలి, ఎక్కడెక్కడ తేడా కొడుతుందో చూద్దాం.

సాఫ్ట్‌వేర్‌గా లువాంటి సరిపోతుంది. 2024 అక్టోబరు వరకు దీని పేరు మైన్‌టెస్ట్. మైన్‌క్రాఫ్ట్ తరహాలో మీటరు ఘనపు దిమ్మెలతో కట్టుకునే వేదిక. ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, కొత్త వస్తువుల్ని ఆటగాడు విడిగా ఎక్కించుకోనవసరం లేకుండా సర్వరే పంపుతుంది. ఈ చివరిది పెద్ద వరం, కాస్త చేటు కూడా: టెక్స్చర్లు, మోడళ్లు కలిపి 100 ఎంబీ దాటితే మొబైల్ డేటా మీద మొదటిసారి వచ్చినవాడు లోడింగ్ గీత చూస్తూనే వెళ్లిపోతాడు. 20 ఎంబీ లోపు ఉంచడం మంచిది.

నేల దగ్గరే మొదటి చిక్కు. అంతరిక్షం నుంచి కొలిచిన ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది కదా అని 30 మీటర్లకో ఎత్తు చొప్పున ఉండే ఎస్ఆర్‌టీఎం ఫైలు తెచ్చి ఎక్కిస్తే కోనసీమ గుట్టలు గుట్టలుగా లేస్తుంది. అది రాడార్‌తో కొలిచిన ఎత్తు. కొబ్బరితోట ఉన్నచోట ఆకుల పందిరిని కూడా కలుపుకుంటుంది. కొలత మీటర్లలో, పొరపాటు కూడా కొన్ని మీటర్లు. అసలు నేలలో ఉన్న ఎచ్చుతగ్గే అంత ఉండదు! రాయలసీమకో విశాఖ మన్యానికో అది పనికొస్తుంది, డెల్టాకి మాత్రం కాదు. ఇక్కడ నేలని బల్లపరుపుగా వేసి, ఏటిగట్టుని నాలుగైదు దిమ్మెలు, రోడ్డుని ఒక దిమ్మె పైకి లేపి, కాలువని రెండు దిమ్మెలు, పొలాన్ని ఒక దిమ్మె కిందికి తవ్వితే కంటికి సరిగ్గా ఆనుతుంది. కాలువలు, దారుల గీతలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకోవచ్చు. దాని లైసెన్సు ప్రకారం ఎక్కణ్నుంచి తీసుకున్నారో లోకంలో ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలి.

512 మీటర్ల చదరం తీసుకుంటే చాలు. లువాంటి లోకాన్ని ఒక్కో పక్క 16 దిమ్మెలుండే ఘనపు ముక్కలుగా దాచుకుంటుంది. అంటే పొడవునా 32, వెడల్పునా 32, ఎత్తు 64 మీటర్లకు 4, మొత్తం 4,096 ముక్కలు. చిన్నదే. కానీ తీర్థం రోజున 40 మంది నలుదిక్కులా పరిగెత్తితే సర్వర్ ఆ ముక్కల్ని అప్పటికప్పుడు పుట్టిస్తూ కూర్చుంటుంది, నడక జర్కులు కొడుతుంది. ముందు రోజే ‘ఎమర్జ్‌బ్లాక్స్’ ఆదేశంతో అన్నిటినీ తయారుచేసి ఉంచాలి. సర్వర్ అసలు పని ఎక్కువగా ఒక్క ప్రాసెసర్ కోర్ మీదే నడుస్తుంది కాబట్టి ఎనిమిది మందకొడి కోర్లకన్నా రెండు చురుకైనవి మేలు. ఆటగాళ్ల పరిమితి మామూలుగా 15గా ఉంటుంది. దాన్ని పెంచడం మర్చిపోయి, పండగపూట పదహారోవాణ్ని గుమ్మంలో నిలబెట్టేసే సర్వర్లు కోకొల్లలు.

ప్రభ కట్టడం ఇంకో కథ. దిమ్మెలతో కడితే కదలదు. కాబట్టి వెదురు చట్రం, రంగుల బట్టలు, ధాన్యం కంకులు, నెమలి పింఛాలతో బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక మోడల్ చేసి, దాన్ని కదిలే వస్తువుగా పెట్టి, మోసేవాళ్ల బొమ్మల్ని దానికి తగిలించాలి. ఇలాంటి వస్తువుల్ని సర్వర్ మామూలుగా 8 ముక్కల దూరం, అంటే 128 మీటర్ల వరకే పంపుతుంది. తక్కువ ర్యామ్ ఫోన్‌లో చూపుని 50-60 మీటర్లకి తగ్గించక తప్పదు, దాని అవతల అంతా పొగమంచే. తోటలో బారులు తీరిన పదకొండు ప్రభలూ ఒక్కసారి కనబడాలన్నదే తీర్థం అందమైతే ఫోన్‌లో అది దక్కదు. దీనికి విరుగుడు ప్రభల్ని దగ్గరదగ్గరగా జరపడమే. నిజమైన దూరాలు పాటించాలని పట్టుబడితే కంప్యూటర్ ఉన్న నలుగురికే తీర్థం. కొలతల నిజాయితీ కన్నా జనం చూడటం ముఖ్యమని ముందే తేల్చుకోవాలి, లేకపోతే కట్టేవాళ్ల మధ్య మొదటి తగువు ఇక్కడే.

అక్షరాల గోల

తెలుగు సమాజాలు ఈ లోకాల్లో నిలదొక్కుకోకపోవడానికి ఎవరూ పెద్దగా పట్టించుకోని కారణం బోర్డు మీద అక్షరాలు. తెలుగు సరిగ్గా కనబడాలంటే ఫాంట్ ఉంటే చాలదు. గుణింతాన్ని హల్లుకి అతికించి, ఒత్తుని కిందికి దించే షేపింగ్ ఇంజన్ కావాలి. బ్రౌజర్లు, ఫోన్లు హార్ఫ్‌బజ్ వంటి వాటితో ఆ పని చేస్తాయి. ఆటల్ని, లోకాల్ని నడిపే గేమ్ ఇంజన్లలో చాలావాటికి అది లేదు. లువాంటిలో చాట్‌లో ‘జగ్గన్నతోట’ అని కొడితే ‘జగ్‌గన్‌నతోట’ లాగా ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకి జరిగి కనబడతాయి. యూనిటీ అనే ఇంజన్‌లో అక్షరాలు చూపే టెక్స్ట్‌మెష్ ప్రో కూడా తనంతట తాను ఒత్తు దించదు. గొడో ఇంజన్ 4.0 వెర్షన్ నుంచి, అంటే 2023 మార్చి నుంచి, హార్ఫ్‌బజ్ కలుపుకుంది. దాంట్లో తెలుగు చక్కగా వస్తుంది.

దీని ఫలితం: తెలుగువాళ్లు లోపల ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తారు. అలా రాసిన బూతుని ఆటోమేటిక్ ఫిల్టర్ పట్టుకోలేదు. ఒకే తిట్టుకి పది స్పెల్లింగులు ఉంటాయి. కాబట్టి తెలుగు గది కాపలాకి మనిషి కావాల్సిందే. బోర్డుల వరకు ఉపాయం ఉంది: పేరుని ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రాసి, పీఎన్‌జీ బొమ్మగా దించి, బోర్డు టెక్స్చర్‌గా వేయాలి. 256 పిక్సెల్స్ కన్నా వెడల్పు తగ్గితే ఒత్తులు అలుక్కుపోతాయి. మాటలకైతే పక్కన మంబుల్ లాంటి వాయిస్ సర్వర్ పెట్టుకోవడమే తేలిక. పెద్దవాళ్లు టైపు చేయరు, మాట్లాడతారు.

సర్వర్ అమలాపురంలోనా, బయటా

ఇంట్లో పాత కంప్యూటరో, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ బోర్డో పెట్టి నడపాలన్న ఆశ అందరికీ ఉంటుంది. ఊరి కేబుల్, ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి బయటినుంచి నేరుగా చేరుకునే సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు; ఎన్నో ఇళ్లకి కలిపి ఒకటే. రౌటర్ పేజీలో వాన్ అడ్రస్ (నెట్ వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీది ఆ కోవే. రౌటర్‌లో లువాంటి వాడే ద్వారాన్ని, అంటే యూడీపీ 30000 పోర్టుని, ఎంత తెరిచినా బయటివాడు లోపలికి రాలేడు. ఇంటింటికీ సొంత చిరునామా ఇవ్వగల కొత్త పద్ధతి ఐపీవీ6 కొంత దారి చూపుతుంది గానీ, అవతల కువైట్‌లో ఉన్నవాడి కనెక్షన్‌కీ అది ఉండాలి. పైగా డెల్టాలో ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదే నడుస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి స్తంభం పడితే కరెంటు, నెట్ రెండూ ఒకేసారి పోతాయి. సరిగ్గా అప్పుడే బయటి ఊళ్లలో ఉన్నవాళ్లు ఇంటి కబురు కోసం లోకంలోకి వచ్చి చూస్తారు.

అందుకని లోకాన్ని ముంబయిలోనో హైదరాబాద్‌లోనో అద్దె సర్వర్ మీద నడిపి, నకలు డెల్టాలో ఉంచుకోవడం తెలివైన పని. 2 కోర్లు, 2 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టొచ్చు. ఆలస్యం 200 మిల్లీసెకన్లు దాటినా కొంప మునగదు, ఇది తుపాకుల ఆట కాదు. కలుసుకునే వేళ మాత్రం లెక్క చూసుకోవాలి: ఇక్కడ రాత్రి 8.30 అంటే మస్కట్‌లో 7, కువైట్‌లో 6, సంక్రాంతి రోజుల్లో న్యూయార్క్‌లో ఉదయం 10. అందరికీ కుదిరే వేళ ఈ చుట్టుపక్కలే.

నకలు తీయడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. లువాంటి మామూలుగా లోకాన్ని ఎస్‌క్యూలైట్ డేటాబేసులో దాస్తుంది. సర్వర్ రాస్తుండగా ఆ ఫైలుని కాపీ కొడితే సగం పాత, సగం కొత్తగా వచ్చి, తెరవబోతే పాడైపోయిందంటుంది. సర్వర్ ఆపి కాపీ చేయాలి, లేదా ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్న బ్యాకప్ ఆదేశం వాడాలి. మ్యాప్ ఒక్కటే తీసి, పాస్‌వర్డులు ఉండే ఫైలు, ఆటగాళ్ల ఫైలు, మాడ్స్ (అదనంగా చేర్చిన వస్తువుల కోడ్) ఫోల్డరు వదిలేస్తే ఊరు లేస్తుంది గానీ మనుషులకి ఇళ్ల తాళాలుండవు. మాడ్ లేని దిమ్మెలన్నీ ‘గుర్తుతెలియనివి’గా కనబడతాయి. రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లు మెమరీ కార్డు మీద లోకం పెట్టకూడదు. కరెంటు టపీమని పోయినప్పుడల్లా కార్డు మీద దెబ్బే. ఎస్ఎస్‌డీ, చిన్న యూపీఎస్ ఉండాలి. నెలకోసారైనా నకలుని వేరే కంప్యూటర్‌లో లేపి, లోపల నడిచి చూడాలి. లేపి చూడని నకలు ఉన్నట్టు కాదు.

కాపలా, వంతులు, చట్టం

కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజే కట్టే, పగలగొట్టే హక్కు ఇస్తే వారంలో ప్రభల తోట తగలబడుతుంది. లువాంటిలో ‘షౌట్’ హక్కు ఒక్కటే ఇచ్చి, అంటే చూసి మాట్లాడే వీలు మాత్రమే ఉంచి, ఎవరో తెలిశాక ‘ఇంటరాక్ట్’ ఇవ్వాలి. ఎవరు ఏ దిమ్మె తీశారో రాసిపెట్టే రోల్‌బ్యాక్ సదుపాయం మామూలుగా ఆపేసి ఉంటుంది. లోకం తెరిచే రోజే ఆన్ చేయాలి, జరిగాక ఆన్ చేస్తే జరిగింది దొరకదు. కాపలాదారులు ఐదుగురు, అందులో ఇద్దరైనా గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే మన అర్ధరాత్రి కూడా ఒకరు మేలుకుని ఉంటారు.

అధికారం ఒక్కడి చేతిలో ఉంటే ఏమవుతుందో డెల్టా రైతుకి చెప్పక్కర్లేదు: లస్కరు (కాలువ కాపలాదారు) తూము తలుపు ఎవరి మాట విని ఎత్తుతాడో దాన్ని బట్టే శివారు చేలో నీరు. రాష్ట్రం 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టింది అందుకే. వర్చువల్ ఊరికీ ఆ ఏర్పాటు కావాలి. డొమైన్ పేరు, సర్వర్ మీద పూర్తి అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డు, అద్దె కట్టే కార్డు మూడూ ఒకే కుర్రాడి దగ్గర ఉంటే, వాడికి పెళ్లయినా ఉద్యోగం మారినా ఊరు మూతే. పాస్‌వర్డులు ఇద్దరి దగ్గరైనా ఉండాలి. కబుర్లకి వాడే డిస్కార్డ్ సర్వర్ యాజమాన్యాన్ని ఇంకొకరికి బదిలీ చేయాల్సింది మామూలుగా యజమాని ఖాతాయే. ఆ ఖాతా పోతే చిక్కే. వాట్సాప్ గ్రూపులో నడిచిన చర్చల్ని ఎగుమతి చేసుకోవచ్చు గానీ ఫొటోలతో కలిపి ఒకసారికి 10 వేల సందేశాలకే పరిమితి. ముఖ్యమైన నిర్ణయాలు వేరే ఫైలులో రాసుకోవాలి. కట్టినదంతా సీసీ బై-ఎస్ఏ లైసెన్సు (పేరు చెప్పి, అదే షరతుతో ఎవరైనా వాడుకోవచ్చు) కిందకి వస్తుందని చేరేటప్పుడే ఒప్పించాలి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నిలబడిందంటే, అక్కడి రాతలు ఎవరైనా తీసుకుని ఇంకోచోట పెట్టుకోగలగడమూ ఒక కారణం.

చట్టం సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి రుజువుతో సహా కావాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఉంది. ఊరి సర్వర్ నడిపేవాళ్లకి తేలిక దారి వివరాలు అడక్కపోవడమే. ఫోన్ నంబరు, పుట్టినరోజు, ఫొటో ఏదీ వద్దు, మారుపేరు చాలు. ఇక 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. సంక్రాంతికి లోకంలో కోడిపందేల బరి కడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. బొమ్మ కోళ్లు కొట్టుకోవడం వేరు, యూపీఐలో పందెం కాయడం వేరు. రెండోది జరిగితే సర్వర్ నడిపేవాడి మెడకి చుట్టుకుంటుంది. సెకండ్ లైఫ్‌ కూడా 2007లోనే జూదాన్ని బయటికి గెంటింది.

ముందు రాబోయేవి

కృత్రిమ మేధ ఈ లోకాల్ని మార్చేస్తుందన్న మాట గట్టిగా వినబడుతోంది. గూగుల్ డీప్‌మైండ్ 2025 ఆగస్టులో చూపించిన జీనీ 3 మాట చెబితే లోకం పుట్టిస్తుంది, సెకనుకి 24 ఫ్రేములతో అందులో తిరగనిస్తుంది. అయితే ఆ లోకానికి పొంతన నిలిచేది కొద్ది నిమిషాలే. మొన్న కట్టిన అరుగు ఇవాళ అక్కడే ఉండాలన్నది సమాజానికి మొదటి షరతు. అందుకని ఇప్పటికి ఇది బొమ్మలు తీసే పనిముట్టే, ఊరు కాదు. ప్రభ మోడల్‌కి టెక్స్చర్ గీయడానికో లువాంటి వాడే లువా భాష స్క్రిప్టులో తప్పు వెతకడానికో మాత్రం బాగా అక్కరకొస్తుంది. ఆ మేరకు ముగ్గురు చేసే పని ఒకరితో అవుతుంది.

బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లలో ఉండే ఉమ్మడి ఖాతా పుస్తకం) మీద వర్చువల్ స్థలాలు అమ్మే డిసెంట్రలాండ్ లాంటివి 2020-22 మధ్య ఊపేశాయి. అక్కడ కొన్నవాడి చేతిలో మిగిలేది స్థలం నంబరు చెప్పే టోకెన్. ఆ నంబరుని నేలగా గీసి చూపించే సాఫ్ట్‌వేరు, వచ్చిపోయే జనం లేకపోతే ఆ నంబరు దేనికీ కొరగాదు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి వీటి మీద లాభానికి 30 శాతం పన్ను కూడా. ఊరి సమాజాలు దీని జోలికి పోకపోవడమే మంచిది.

డెల్టాకి దగ్గర్లో ఉన్న అవకాశం 2027 గోదావరి పుష్కరాలు. వర్చువల్ స్నానాలు, 360 డిగ్రీల వీడియోలు పెద్ద సంస్థలు ఎలాగూ తెస్తాయి, పన్నెండు రోజులయ్యాక లింకులు చచ్చిపోతాయి. సమాజాలు చేయాల్సింది ఘాట్ల కొలతలు, ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టుకోవడం. ఫొటోల నుంచి త్రీడీ మోడల్ కట్టాలంటే ఒక్కో ఫొటో దాని ముందుదానితో 70 శాతమైనా కలవాలి. ఎండ సూటిగా పడని మబ్బు రోజు మేలు. నీటి ఉపరితలం మోడల్‌లో గడ్డలు గడ్డలుగా వస్తుంది కాబట్టి నీళ్లని కోసేసి విడిగా వేసుకోవాలి. ధవళేశ్వరం బ్యారేజికి ఎగువనున్న రాజమహేంద్రవరం ఘాట్లలో వేసవిలోనూ మట్టం పెద్దగా దిగదు. కింది మెట్లు అక్కడ కొలతతోనే సరిపెట్టుకోవాలి. దిగువన కోటిపల్లి లాంటి చోట్ల కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో మెట్లు బాగా తేలతాయి. మరమ్మతులు, కొత్త పలకలు పడకముందే తీయాలి. తీసినవి అసలు సైజులో, తేదీ, ఘాట్ పేరు, లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో ఒక నకలు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒకటి, సంఘంలో ఇద్దరి ఇళ్లలో హార్డ్‌డిస్కుల మీద చెరొకటి.